రాయలసీమలో కొయ్య కార్యాలయ భవనం: ముందే తయారైన మాస్ టింబర్‌తో కట్టే క్రమం

కాంక్రీటు భవనంలో నిర్ణయం ఆలస్యమైనా పని ఆగదు. స్లాబు పోసిన తరువాత మరుగుదొడ్డి చోటు మారితే ఉలి, సుత్తి పట్టి కన్నం కొట్టిస్తాం. ఏసీ డక్టు దారి కుదరకపోతే ఫాల్స్ సీలింగును కిందికి దించుతాం. మేస్త్రీ, ప్లంబరు, ఎలక్ట్రీషియను పని స్థలంలోనే ఒకరితో ఒకరు సర్దుకుంటారు. ఫ్యాక్టరీలో కోసి, రంధ్రాలు వేసి, నంబర్లు రాసి పంపే మాస్ టింబర్ పలకలతో ఆ సర్దుబాటుకు చోటు చాలా తక్కువ. మెట్లు ఎక్కడ, పైపు ఎక్కడ, స్విచ్చు ఎక్కడ అన్న ప్రశ్నలన్నిటికీ మొదటి పలక కోత యంత్రం మీదికి ఎక్కకముందే జవాబు దొరకాలి. అందువల్ల ఈ మార్గదర్శి నిర్మాణ పద్ధతి గురించి చెప్పేదానికంటే నిర్ణయాల వరుస గురించి ఎక్కువగా చెబుతుంది.

ఉదాహరణ కోసం అనంతపురం శివారులో, 44వ నంబరు జాతీయ రహదారికి దగ్గరగా, సుమారు 2000 చదరపు మీటర్ల వైశాల్యంతో, నేల అంతస్తు మీద మూడు అంతస్తులు ఉండే కార్యాలయాన్ని ఊహించుకుందాం. కర్నూలు, కడపలలో మారే అంశాలను సందర్భం వచ్చిన చోట ప్రస్తావిస్తాను.

మాస్ టింబర్ అంటే ఏ సామగ్రి

ఇందులో ప్రధానమైనవి రెండు. పలుచని చెక్క బద్దలను ఒక పొర నిలువుగా, మరొక పొర అడ్డంగా పేర్చి జిగురుతో అదిమి చేసే పెద్ద పలకను క్రాస్ లామినేటెడ్ టింబర్, క్లుప్తంగా సీఎల్‌టీ అంటారు. ఇది 1990లలో ఆస్ట్రియా, జర్మనీలలో రూపుదిద్దుకుంది. సాధారణంగా మూడు, ఐదు లేదా ఏడు పొరలతో వస్తుంది, నేలలకూ గోడలకూ వాడతారు. బద్దలన్నిటినీ ఒకే దిశలో అతికించి చేసే కాలమ్‌లు, బీమ్‌లను గ్లూలామ్ అంటారు. ఈ రెండింటితో కెనడాలోని వాంకూవర్‌లో 18 అంతస్తుల విద్యార్థి నివాసం, అమెరికాలోని మిల్వాకీలో 25 అంతస్తుల భవనం లేచాయి. మనకు అంత ఎత్తుతో పని లేదు. వాంకూవర్ భవనం నుంచి నేర్చుకోవలసింది వేరే ఉంది. ముక్కలు పని స్థలానికి చేరడం మొదలైన తరువాత 70 రోజుల లోపే దాని కొయ్య నిర్మాణం పూర్తయింది, ఆ వేగానికి ముందు నెలల తరబడి డ్రాయింగుల పని నడిచింది.

కొయ్య మోసే కట్టడం మన సీమకు కొత్త కాదు. స్తంభాల మీద దూలాలు, దూలాల మీద దంతెలు వేసి, పైన చౌడు మట్టి పరిచిన పాత మిద్దెలు పల్లెల్లో ఇంకా నిలబడి ఉన్నాయి. అయితే ఆ వడ్రంగి చెట్టును చూసి కొయ్యను ఎంచుకునేవాడు. ఇక్కడ యంత్రం బలాన్ని బట్టి వర్గీకరించిన బద్దలను వాడుతుంది కాబట్టి, ఇంజనీరు కాగితం మీద లెక్క కట్టగలుగుతాడు.

మొదటి మెట్టు: కొయ్య ఎందుకో లెక్క వేసుకోవడం

కొయ్య వాడితే భవనం దానంతటదే పర్యావరణహితం అయిపోతుందన్న మాటను నమ్మవద్దు. స్ప్రూస్, పైన్ వంటి మెత్తని కొయ్య ఒక ఘనపు మీటరులో సుమారు 0.75 టన్నుల కార్బన్ డయాక్సైడుకు సమానమైన కార్బన్ నిల్వ ఉంటుంది. ఒక టన్ను సిమెంటు క్లింకర్ తయారీలో 0.8 నుంచి 0.9 టన్నుల కార్బన్ డయాక్సైడు వెలువడుతుంది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూపే ప్రచారం సగం నిజమే చెబుతుంది. మన విషయంలో సిమెంటు ఎర్రగుంట్ల నుంచో కొలిమిగుండ్ల నుంచో కొన్ని గంటల్లో లారీ మీద వస్తుంది, కొయ్య సముద్రం దాటి వస్తుంది. ఆ కొయ్యలోని కార్బన్ కూడా భవనం నిలిచినంత కాలమే నిల్వ ఉంటుంది. కూల్చి కాల్చేస్తే అది తిరిగి గాలిలో కలుస్తుంది.

కాబట్టి తయారీదారు నుంచి పర్యావరణ ఉత్పత్తి ప్రకటన, అంటే ఈపీడీ తెప్పించుకోండి. అందులో తయారీ ఉద్గారాలు, రవాణా ఉద్గారాలు, భవనం ఆయువు తీరిన తరువాతి ఉద్గారాలు వేర్వేరు వరుసల్లో ఉంటాయి. కొయ్యలో నిల్వ ఉన్న కార్బన్‌ను ఉద్గారాల నుంచి తీసివేయకుండా విడిగా చూపండి. అదే భవనాన్ని కాంక్రీటుతో కడితే ఎంతో మీ ఇంజనీరు చేత ఇంకొక లెక్క వేయించి పోల్చండి. టన్నుకు, కిలోమీటరుకు చూస్తే ఓడ రవాణా ఉద్గారాలు లారీ కంటే చాలా తక్కువ. అందువల్ల సముద్రపు దూరం ఒక్కటే చూడకుండా, అవతల ఫ్యాక్టరీ నుంచి రేవు దాకా, ఇవతల చెన్నై రేవు నుంచి అనంతపురం దాకా ఉన్న రోడ్డు భారాన్ని కూడా లెక్కలో చేర్చండి.

స్థానిక కొయ్య వాడలేమా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. కడప జిల్లా కొండల్లోని ఎర్రచందనం చట్టరక్షణలో ఉన్న చెట్టు, దాని ఊసే వద్దు. మన రాష్ట్రంలో రైతులు పెంచే నీలగిరి, సుబాబుల్, సరుగుడు ఎక్కువగా కాగితపు గుజ్జుకూ ప్లైవుడ్‌కూ పోతున్నాయి. ఆ తోటల నుంచి బలం పరీక్షించి వర్గీకరించిన నిర్మాణ కొయ్య వచ్చే రోజు కోసం ఎదురుచూడవచ్చు కానీ, ఈ ఏడాది పెట్టే ఆర్డరుకు అది ఆధారం కాదు. దిగుమతి చేసుకునే కొయ్యకు, అడవిని బాధ్యతగా నిర్వహిస్తున్నారని తెలిపే ఎఫ్‌ఎస్‌సీ లేదా పీఈఎఫ్‌సీ ధ్రువపత్రం ఉండాలని ఒప్పందంలోనే రాయించండి.

ఖర్చు విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఓడ కిరాయి, సుంకం, విదేశీ స్క్రూలు కలిపితే, ప్రస్తుతం మన జిల్లాల్లో కొయ్య చట్రం కాంక్రీటు చట్రం కంటే ఖరీదైనదే. భవనం ముందుగా చేతికి రావడం వల్ల అద్దె లేదా వ్యాపారం ముందే మొదలయ్యే యజమానికి, లేదా హరిత భవన గుర్తింపు అవసరమైన సంస్థకు ఆ తేడా కొంత తిరిగి వస్తుంది. ఈ రెండూ లేని యజమానికి నేను కాంక్రీటునే సూచిస్తాను.

రెండవ మెట్టు: అనుమతుల దారి

ప్రభుత్వ భవనాల్లో కొయ్య వాడకంపై కేంద్ర ప్రజా పనుల శాఖ 1993లో పెట్టిన నిషేధాన్ని 2020లో ఎత్తివేసింది. ప్రైవేటు భవనానికి ఆ నిషేధం వర్తించకపోయినా, ఆ కాలమంతా మన ఇంజనీర్లకు కొయ్య డిజైన్ అలవాటు తప్పింది. జాతీయ నిర్మాణ స్మృతి 2016లో ఆరవ భాగం మూడవ విభాగం కొయ్య, వెదురు నిర్మాణాలకు సంబంధించినది, భారతీయ ప్రమాణాల (ఐఎస్) వరుసలో ఐఎస్ 883 కొయ్య డిజైన్ ప్రమాణం. అది ప్రధానంగా మామూలు కోత కొయ్య కోసం రాసినది కాబట్టి, సీఎల్‌టీకి సాధారణంగా ఐరోపా కొయ్య డిజైన్ స్మృతి అయిన యూరోకోడ్ 5ను, ఉత్పత్తి నాణ్యతకు ఐరోపా ప్రమాణం ఈఎన్ 16351 లేదా ఉత్తర అమెరికాలోని పీఆర్‌జీ 320ను ఆధారం చేసుకుంటారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఐఎస్ 883 అనుమతించదగిన ఒత్తిడి పద్ధతిలో నడుస్తుంది, యూరోకోడ్ పరిమితి స్థితి పద్ధతిలో నడుస్తుంది. భారాల విలువలను ఐఎస్ 875 నుంచి తీసుకోవచ్చు, తీసుకోవాలి కూడా. కానీ భద్రతా గుణకాలను ఒకదాని నుంచి సగం, ఇంకొకదాని నుంచి సగం తీసుకుంటే లెక్క అర్థం లేనిదవుతుంది. ఏ పద్ధతిని అనుసరిస్తున్నారో డిజైన్ నివేదిక మొదటి పేజీలోనే ఇంజనీరు చేత రాయించండి.

ఎత్తు నిర్ణయం కూడా ఇక్కడే. జాతీయ నిర్మాణ స్మృతి 15 మీటర్లు, అంతకు మించిన భవనాన్ని ఎత్తైన భవనంగా లెక్కించి, అగ్నిభద్రతకు మరింత కఠినమైన నిబంధనలు పెడుతుంది. మన ఉదాహరణలో అంతస్తుకు 3.6 మీటర్ల చొప్పున నాలుగు అంతస్తులు 14.4 మీటర్లకు వస్తాయి. ఈ ప్రాంతంలో మొదటి కొయ్య కార్యాలయానికి అంతకు మించి పోకపోవడం మంచిది.

పట్టణ ప్రణాళిక అధికారికీ, అగ్నిమాపక శాఖకూ దరఖాస్తు పెట్టకముందే ఒకసారి వెళ్లి మాట్లాడండి. పొరల వివరం, అగ్ని లెక్కలు, ఉత్పత్తి పరీక్షా పత్రాలు ఒక ఫైలుగా చూపండి. కొత్త సామగ్రికి కేంద్ర ప్రభుత్వ నిర్మాణ సామగ్రి ప్రోత్సాహక మండలి (బీఎంటీపీసీ) ఇచ్చే పనితీరు ధ్రువీకరణ తయారీదారుకు ఉంటే పని సులభం. కొయ్య నమూనాల పరీక్షకు బెంగళూరులోని కొయ్య విజ్ఞాన సాంకేతిక సంస్థ, అగ్ని పరీక్షకు రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఉన్నాయి. డిజైన్‌ను స్వతంత్రంగా సరిచూసే పనిని ఒక ఇంజనీరింగ్ విద్యాసంస్థకు అప్పగిస్తే అధికారికి ధైర్యం వస్తుంది. బ్యాంకుతో, బీమా సంస్థతో మాట్లాడటం కూడా ఈ దశలోనే జరగాలి. కొయ్య భవనం అన్న మాట వినగానే ప్రీమియం పెంచే బీమా ప్రతినిధికి అగ్ని లెక్కల ఫైలు చూపడం తప్ప వేరే సమాధానం లేదు.

మూడవ మెట్టు: కంటైనర్ తలుపు నుంచి మొదలుపెట్టి గడులు గీయడం

ఆర్కిటెక్టు కాలమ్‌ల మధ్య తనకు నచ్చిన గడులు గీసి, తరువాత పలకలను వాటికి సరిపెట్టమంటే డబ్బు వృథా అవుతుంది. 40 అడుగుల కంటైనర్ లోపలి పొడవు 12 మీటర్లు, తలుపు వెడల్పు 2.34 మీటర్లు. ఐరోపా ఫ్యాక్టరీలు 3 మీటర్ల వెడల్పు, 16 మీటర్ల పొడవు పలకలు చేయగలిగినా, అవి మామూలు కంటైనర్‌లో పట్టవు. తెరిచిన ప్రత్యేక కంటైనర్లకు కిరాయి ఎక్కువ, రేవు నుంచి రోడ్డు మీద తేవడానికి అనుమతులు వేరు.

అందువల్ల పలక వెడల్పును 2.2 మీటర్లుగా, పొడవును 11 మీటర్లుగా పెట్టుకుందాం. మూడు పలకలు పక్కపక్కన పరిస్తే 6.6 మీటర్లు, అది ఒక గడి. పలక కింద 5.5 మీటర్లకు ఒక బీమ్ వస్తే ఒకే పలక రెండు గడులను దాటుతుంది. 160 మిల్లీమీటర్ల మందం ఉన్న ఈ పలక ఘనపరిమాణం 3.9 ఘనపు మీటర్లు, బరువు రెండు టన్నులకు కొంచెం తక్కువ. అంతే వైశాల్యంలో 150 మిల్లీమీటర్ల కాంక్రీటు స్లాబు తొమ్మిది టన్నులు తూగుతుంది. క్రేన్ ఎంపిక నుంచి పునాది దాకా అన్నీ ఈ తేడా మీద ఆధారపడతాయి.

మొత్తం భవనానికి చదరపు మీటరుకు 0.25 ఘనపు మీటరు చొప్పున 500 ఘనపు మీటర్ల కొయ్య అనుకుంటే, కంటైనర్‌కు 40 ఘనపు మీటర్ల చొప్పున 12 నుంచి 13 కంటైనర్లు అవుతాయి. ఇది తొలి అంచనా మాత్రమే, కానీ సరఫరాదారుతో మాట్లాడటానికి సరిపోతుంది.

కార్యాలయంలో నేల మీది భారాన్ని ఐఎస్ 875 రెండవ భాగం విడిగా సామాను గది ఉంటే చదరపు మీటరుకు 2.5 కిలోన్యూటన్లుగా, లేకపోతే 4 కిలోన్యూటన్లుగా పెట్టమంటుంది. ఫైళ్ల గదిని విడిగా, కాంక్రీటు భాగంలో పెడితే మిగతా నేలకు తక్కువ భారం సరిపోతుంది. అయితే కొయ్య నేలలో మందాన్ని నిర్ణయించేది తరచుగా బలం కాదు, కంపనం. ఒకరు వేగంగా నడిస్తే పక్క బల్ల మీది కంప్యూటర్ తెర వణకకూడదు. నేల సహజ పౌనఃపున్యం సెకనుకు 8 కంపనాల కంటే ఎక్కువ ఉండేలా చూడమనడం సాధారణ సూత్రం. తక్కువ వస్తే ప్రత్యేక లెక్క అవసరం.

మెట్లు, లిఫ్టు, మరుగుదొడ్లు, పైపులు దిగే నిలువు దారి అన్నిటినీ ఒక కాంక్రీటు గూడులో పెట్టండి. గాలి, భూకంప బలాలను ఆ గూడు తీసుకుంటుంది, నీళ్లు కొయ్యకు దూరంగా ఉంటాయి, నీళ్ల ట్యాంకును కూడా దాని తల మీదే పెట్టవచ్చు. కొయ్య పైకప్పు మీద వేల లీటర్ల ట్యాంకు పెట్టే మన అలవాటును ఇక్కడ పూర్తిగా మానాలి. కర్నూలుకు ఐఎస్ 875 మూడవ భాగం ఇచ్చిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 39 మీటర్లు. భవనం తేలిక కాబట్టి గాలి ఎత్తిపట్టే బలాన్ని పైకప్పు అంచుల వద్ద విడిగా సరిచూడాలి.

ఇంకొక సూక్ష్మం: కాలమ్ మీద కాలమ్ నేరుగా కూర్చోవాలి. రెండు కాలమ్‌ల మధ్య బీమ్‌ను గానీ పలకను గానీ ఇరికిస్తే, అడ్డంగా ఉన్న ఆ కొయ్య ఎండే కొద్దీ కుంచించుకుపోతుంది. నాలుగు అంతస్తుల కుంచింపు కలిసి పైనున్న తలుపులను, పైపులను పట్టేస్తుంది. పక్కనున్న కాంక్రీటు గూడు మాత్రం కదలదు.

నాల్గవ మెట్టు: అగ్ని లెక్క

ఎవరైనా మొదట అడిగేది ఇదే, న్యాయమైన ప్రశ్న. మందమైన కొయ్య అంటుకుంటే పైపొర బొగ్గుగా మారుతుంది, ఆ బొగ్గు లోపలి కొయ్యకు వేడి తగలకుండా కాపాడుతుంది. మెత్తని కొయ్య నిమిషానికి సుమారు 0.65 మిల్లీమీటర్ల చొప్పున బొగ్గవుతుందని యూరోకోడ్ లెక్క. గంటకు 39 మిల్లీమీటర్లు. దాని వెనక వేడెక్కి బలం తగ్గిన 7 మిల్లీమీటర్లను కూడా వదిలేస్తే 46 మిల్లీమీటర్లు.

దీన్ని మన 160 మిల్లీమీటర్ల పలకకు వర్తింపజేయండి. దాని పొరలు 40, 20, 40, 20, 40 మిల్లీమీటర్లుగా ఉన్నాయనుకుందాం. గంట మంటలో అడుగున భారం మోసే పొర మొత్తం పోతుంది, అడ్డపొరలో కొంత పోతుంది, మోయడానికి మధ్యపొర, పైపొర మాత్రమే మిగులుతాయి. ఆ మిగిలినది మంట వేళ నేలను నిలబెడుతుందా అన్నది ఇంజనీరు విడిగా చూపాలి. చాలకపోతే మందం పెంచాలి, లేదా అడుగున జిప్సం బోర్డు బిగించాలి.

జిగురు గురించి అడగకుండా ఆర్డరు పెట్టవద్దు. వేడికి జిగురు వీడితే కాలిన పొర ఊడి పడుతుంది, కొత్త కొయ్య మంటకు ఎదురవుతుంది, మంట మళ్లీ చెలరేగుతుంది. పీఆర్‌జీ 320 ప్రమాణం 2018 నుంచి వేడిని తట్టుకునే జిగురును తప్పనిసరి చేసింది. ఐరోపా ఫ్యాక్టరీ నుంచి కొన్నా ఇదే షరతు రాయండి. ఉక్కు బిగింపులు కొయ్య కంటే ముందే మెత్తబడతాయి కాబట్టి వాటిని కొయ్య లోపల దాచి, చుట్టూ కనీసం ఆ 46 మిల్లీమీటర్ల కొయ్య ఉండేలా గీయించండి. స్ప్రింక్లర్లు పెట్టండి. నిబంధన అడగకపోయినా నేను పెట్టమనే చెబుతాను. పైకప్పు మీద సౌర ఫలకలు బిగిస్తే వాటి తీగలు లోహపు గొట్టంలోనే దిగాలి.

ఐదవ మెట్టు: ఎండ, తేమ, చెదలు

రాయలసీమ మార్గదర్శిని ఐరోపా మార్గదర్శి నుంచి వేరు చేసేది ఈ భాగమే. అక్కడ కొయ్యకు శత్రువు వాన. ఇక్కడ ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండే శత్రువు.

కొయ్య చుట్టూ ఉన్న గాలికి తగినట్టు తన తేమను మార్చుకుంటుంది. ఫ్యాక్టరీ నుంచి 12 శాతం తేమతో, రెండు శాతం అటూ ఇటూగా వస్తుంది. ఏప్రిల్ మధ్యాహ్నం 35 డిగ్రీల వేడి, 30 శాతం గాలి తేమ ఉంటే కొయ్య 6 శాతం వైపు దిగుతుంది. ఏసీ నడిచే గదిలో 50 శాతం గాలి తేమ దగ్గర 9 శాతం వద్ద నిలుస్తుంది. వానాకాలపు ముసురులో 75 శాతం గాలి తేమకు 14 శాతం వైపు ఎక్కుతుంది. ఒక శాతం తేమ తగ్గితే పలక మందంలో 0.24 శాతం, పొడవు వెడల్పుల్లో 0.02 శాతం కుంచించుకుపోతుంది. అంటే 12 నుంచి 8 శాతానికి దిగే సరికి 160 మిల్లీమీటర్ల మందంలో ఒకటిన్నర మిల్లీమీటరు, 11 మీటర్ల పొడవులో 9 మిల్లీమీటర్లకు దగ్గరగా తగ్గుతుంది. ఈ కదలికకు కిటికీ చట్రాల దగ్గర, గోడ అంచుల దగ్గర, కాంక్రీటు గూడు కలిసే చోట సందు వదలాలి.

కుంచింపు కంటే దాని వేగం ప్రమాదకరం. నిర్మాణం ముగిసి, కరెంటు కనెక్షన్ కోసం ఎదురుచూస్తూ మే నెలంతా తలుపులు మూసి ఉంచిన భవనంలో పలకలు వేగంగా ఎండి బీటలు తేలతాయి. ఆ బీటలు చాలావరకు బలానికి హాని చేయవు గానీ, కొయ్య కనబడాలని ఎక్కువ డబ్బు ఇచ్చిన యజమానిని ఒప్పించడం కష్టం. ఫ్యాక్టరీ ఇవ్వగలిగితే 10 శాతం తేమతో తయారు చేయమని అడగండి, ఏసీ ఉష్ణోగ్రతను మొదటి వారాల్లో నెమ్మదిగా దించండి, గదుల్లో తేమ కొలిచే పరికరాలు ముందే బిగించండి.

నేరుగా ఎండ తగిలే చోట కొయ్యను కనబడనివ్వవద్దు. అతినీలలోహిత కిరణాలకు దాని పైపొర చెడి బూడిద రంగుకు తిరుగుతుంది. పడమటి గోడకు లోతైన వసారా గానీ, విడిగా నిలిచే తెరగోడ గానీ ఇవ్వండి. కొయ్య ద్వారా వేడి ప్రసరణ కాంక్రీటుతో పోలిస్తే పదో వంతు కంటే తక్కువ. కానీ వేడిని పగలు దాచుకుని రాత్రి వదిలే బరువు దానికి లేదు. పగటికీ రాత్రికీ ఉష్ణోగ్రత తేడా ఎక్కువగా ఉండే అనంతపురంలో ఆ బరువు పనికొచ్చేదే. కాబట్టి నేల మీద శబ్దాన్ని అడ్డే రబ్బరు పొర వేసి, 50 మిల్లీమీటర్ల కాంక్రీటు పోసి, పైన తాడిపత్రి బండో కడప బండో పరవమని సూచిస్తాను. ఇది శబ్ద సమస్యను కూడా తీరుస్తుంది. పైన ఏమీ పరవని ఐదు పొరల పలక శబ్ద నిరోధక అంకె 40 దగ్గరే ఉంటుంది, పైనున్న కుర్చీ జరిగితే కింద సమావేశ గదిలో వినబడుతుంది. బండల బరువును మాత్రం మొదటి నుంచీ ఇంజనీరు లెక్కలో చేర్చాలి.

ఇక చెదలు. మన ఎర్రనేలల్లో భూమిలో పుట్టలు పెట్టే చెదలకు కొదవ లేదు. రక్షణ ఒక్క పొరతో సరిపెట్టుకోకూడదు. పునాది గుంటలోనే ఐఎస్ 6313 ప్రకారం మట్టికి మందు పట్టించాలి. కొయ్య ఎక్కడా మట్టికి తగలకుండా కనీసం 450 మిల్లీమీటర్ల రాతి లేదా కాంక్రీటు ప్లింత్ ఉండాలి. ప్లింత్‌కూ కొయ్యకూ మధ్య ఉక్కు కూర్పు, దాని చుట్టూ చేతి దీపంతో చూడగలిగేంత ఖాళీ ఉండాలి. చెదలు కట్టే మట్టి గొట్టం ఆ ఖాళీలో కనబడితే అప్పుడే ఆపవచ్చు. దాన్ని టైళ్లతో, పూలకుండీలతో మూసేస్తే రక్షణ పోయినట్టే. కొయ్య ఎంపికలోనూ ఒక భేదం ఉంది: న్యూజిలాండ్ నుంచి వచ్చే రేడియాటా పైన్ లోపలికి మందు బాగా ఎక్కుతుంది, ఐరోపా స్ప్రూస్‌కు ఎక్కదు. నేల అంతస్తుకు మందెక్కిన పైన్‌ను, లేదా పూర్తిగా కాంక్రీటునే వాడి, పై మూడు అంతస్తులకు స్ప్రూస్ పెట్టుకోవడం తెలివైన పని.

కర్నూలు పడమర ఆదోని వైపు, నంద్యాల వైపు నల్లరేగడి ఉంటే తేలిక భవనం అన్న మాటకు ఇంకో ముఖం ఉంది. తడిసి ఉబ్బే నేల తేలిక కట్టడాన్ని పైకి తోస్తుంది. అక్కడ కింద ఉబ్బుతో పోసే అండర్ రీమ్డ్ పైల్ పునాది వేయాలి, దానికి ఐఎస్ 2911 మూడవ భాగం ఉంది.

ఆరవ మెట్టు: డ్రాయింగులకు తాళం వేయడం

ఫ్యాక్టరీ కోతకు ఆధారమైన షాప్ డ్రాయింగుల మీద సంతకం పడిన రోజు తరువాత రంధ్రం చోటు మారదు. అందుకే ఆ తేదీకి ముందు ఎలక్ట్రికల్, ప్లంబింగ్, ఏసీ, స్ప్రింక్లర్, నెట్‌వర్క్ కాంట్రాక్టర్లు అందరూ నియమితులై ఉండాలి. చివర్లో తక్కువ ధరకు పిలుద్దాం అన్న ఆలోచన ఇక్కడ పనిచేయదు. అందరి గీతలూ ఒకే త్రిమితీయ నమూనాలో కలిపి, ఢీకొనే చోట్లు తీసేసి, ప్రతి రంధ్రానికి ఒక యజమాని పేరు రాసుకోండి. రంధ్రం చుట్టూ మంట పాకకుండా మూసే పదార్థం ఏదో కూడా అప్పుడే తేలాలి.

పునాది కొలతల విషయంలో మేస్త్రీతో ముందే కూర్చోండి. కాంక్రీటు ప్రమాణమైన ఐఎస్ 456 కాలమ్ కొలతలో 12 మిల్లీమీటర్లు ఎక్కువ, 6 తక్కువ దాకా తేడాను ఒప్పుకుంటుంది. కోత యంత్రం నుంచి వచ్చే కొయ్యకు రెండు మూడు మిల్లీమీటర్లకు మించి తేడా ఉండదు. ఈ రెండింటి మధ్య దూరాన్ని పూడ్చడానికి ఉక్కు కూర్పు కింద 20 నుంచి 25 మిల్లీమీటర్ల ఖాళీ వదిలి, టోటల్ స్టేషన్ అనే సర్వే పరికరంతో కొలిచి, మట్టం సరిచేసి, కుంచించుకోని గ్రౌట్‌తో నింపాలి. బోల్టులు పోతలో జరిగిపోకుండా ఉక్కు అచ్చుతో పట్టించాలి.

ఏడవ మెట్టు: నిలబెట్టడం

అనంతపురంలో జూన్ నుంచి ఆగస్టు దాకా గాలి బలంగా వీస్తుంది. రామగిరి కొండల మీద గాలిమరలు వెలసింది ఊరికే కాదు. 24 చదరపు మీటర్ల పలకను అలాంటి గాలిలో క్రేన్ మీద వేలాడదీయడం ప్రమాదం. సెప్టెంబరు, అక్టోబరులలో వానలు ఎక్కువ. కాబట్టి నవంబరు చివర నుంచి మార్చి దాకా ఉన్న కాలాన్ని కొయ్య పనికి కేటాయించి, ఆ తేదీ నుంచి వెనక్కి లెక్క వేసి ఆర్డరు, ఓడ, పునాది తేదీలు పెట్టుకోండి. క్రేన్ ఆపవలసిన గాలి వేగం ఎంతో క్రేన్ పత్రంలో ఉంటుంది. ఆ అంకెను ఆపరేటరుకు వదిలేయకుండా సైటు ఇంజనీరు చేతిలో గాలివేగ మాపకం పెట్టండి.

పలకలు ఎక్కించవలసిన వరుసకు తిరగబడిన వరుసలో కంటైనర్లు నింపమని ఫ్యాక్టరీకి చెప్పాలి, లేకపోతే సైటులో ప్రతి పలకనూ రెండుసార్లు ఎత్తుతారు. దింపిన పలకలను నేలకు ఒక అడుగు ఎత్తున దిమ్మెల మీద, నీడలో ఉంచండి. ఫ్యాక్టరీ చుట్టిన ప్లాస్టిక్‌ను ఎండలో అలాగే వదిలితే లోపల ఆవిరి పట్టి మచ్చలు పడతాయి. అడుగు భాగాన కోసి గాలి ఆడనివ్వాలి.

కాంక్రీటు గూడు ముందే పూర్తయి ఉంటుంది. దాని నుంచి మొదలుపెట్టి కాలమ్‌లు నిలిపి, తాత్కాలిక ఆనుపులు పెట్టి, బీమ్‌లు కూర్చి, పలకలు పరచాలి. పక్కపక్క పలకలను ప్లైవుడ్ పట్టీతో కలిపి స్క్రూలు బిగించిన తరువాతే ఆ అంతస్తు ఒక్కటిగా పనిచేస్తుంది. అప్పటిదాకా ఆనుపులు తీయకూడదు. ఈ పొడవాటి స్క్రూలు డిజైన్‌లో పేర్కొన్న రకమే కావాలి. తగ్గాయని పక్క ఊరి హార్డ్‌వేరు దుకాణం నుంచి తెచ్చి బిగిస్తే లెక్క మొత్తం చెల్లదు. పది శాతం ఎక్కువ తెప్పించుకోండి. వాంకూవర్ భవనంలో కొయ్య బిగించిన బృందం పదిమంది లోపే. మనకూ అంతే సరిపోతుంది, కానీ వారిలో ఇద్దరైనా ముందు ఈ పని చేసినవారై ఉండాలి. మిగతావారిగా స్థానిక వడ్రంగులను తీసుకుంటే, పీచు దిశను చూసి కొయ్యను గ్రహించే వారి కన్ను ఎంతో పనికొస్తుంది.

కట్టేటప్పుడే మంట ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే స్ప్రింక్లర్లు, జిప్సం బోర్డులు ఇంకా రాలేదు. వెల్డింగ్ పనంతా నేల మీదే ముగించాలి. బీడీ, సిగరెట్టుకు గేటు బయట చోటు చూపాలి. నీటి గొట్టం అంతస్తుతో పాటు పైకి ఎక్కుతూ రావాలి. రాత్రి కాపలా ఉండాలి.

ప్రతి పలక చివరలను తడి పీల్చకుండా మూసే పూత ఫ్యాక్టరీలోనే వేయించండి, సైటులో కోసిన అంచులకు అదే రోజు వేయండి. అకాల వర్షం పడితే నీరు తుడిచి, తేమమాపకంతో కొలిచి, 16 శాతం లోపుకు దిగాకే దాని మీద కాంక్రీటు పోయండి.

అప్పగించిన తరువాత

నిర్వహణలో మొదటి శత్రువు ఏసీ నీరు. సీలింగులో దాగిన చిన్న గొట్టం నెలల తరబడి కారితే కొయ్య కుళ్లుతుంది, కాంక్రీటులో అదే మరక మాత్రమే. ప్రతి యూనిట్ కింద పళ్లెం, నీరు గుర్తించే సెన్సరు పెట్టండి. చెదల ఖాళీని ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందూ తరువాతా, దీపం పెట్టి చూసి పుస్తకంలో రాయాలి. పైకప్పు నీటి దారులను సెప్టెంబరుకు ముందే శుభ్రం చేయాలి.

యజమానికి ఇచ్చే ఫైలులో ప్రతి పలక నంబరు, పొరల వివరం, జిగురు రకం, స్క్రూల స్థానాలు ఉండాలి. రేపు అద్దెదారు గోడకు కన్నం వేయాలన్నా, ఇంకో ముప్పై నలభై ఏళ్లకు భవనాన్ని విప్పి ఆ పలకలను వేరొక చోట వాడాలన్నా ఆ కాగితాలే ఆధారం. స్క్రూలతో బిగించిన కొయ్యను విప్పవచ్చు, కానీ మీద పోసిన కాంక్రీటు పలకకు అంటుకుపోతే విప్పలేరు. అందుకే ఆ రబ్బరు పొరను వేసే రోజు ఎక్కడా చిరగలేదని, అంచుల దగ్గర పైకి మడిచారని ఇంజనీరు స్వయంగా చూసి, ఫోటో తీసి అదే ఫైలులో పెట్టాలి.